మూడు దేశాల ట్రైనీ

కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకూ, కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డవాళ్ళకూ, మెట్ల మీదే ఆగిపోయి చెవులు రిక్కించి వింటున్నవాళ్ళకూ నమస్కారం. మీలో చాలామంది షిఫ్టు దిగి నేరుగా వచ్చారు. చొక్కాల మీద నూనె మరకలు ఇంకా తడి ఆరలేదు. కొందరు షిఫ్టు ఎగ్గొట్టి వచ్చారని కూడా నాకు తెలుసు. రేపు గేటు దగ్గర ఏం ఎదురవుతుందో తెలిసే వచ్చారు. అందుకు ఈ కుటుంబం తరఫున మీకు కృతజ్ఞతలు చెప్పాలి. కానీ ఈ కుటుంబం తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు. ఎందుకు లేదో నేనే చెబుతాను. కాస్త ఓపిక పట్టండి.

మనం పోగొట్టుకున్న మనిషికి ఇరవై తొమ్మిదేళ్లు. బల్ల మీద ఉన్న ఆ ఫోటో ఆమె గుర్తింపు కార్డు మీదిది. ఇంట్లో ఇంతకన్నా మంచి ఫోటోలు లేక కాదు. ఇదే పెట్టమని వాళ్ళమ్మ పట్టుబట్టింది. పెద్దది చేసినప్పుడు ఫోటో కింద ఉన్న ఒక మాటను స్టూడియోవాడు కత్తిరించేశాడు. ఆ మాట ‘ట్రైనీ’. ఇరవై రెండేళ్లప్పుడు ఆమె కార్డు మీద అదే ఉంది. ఇరవై ఆరేళ్లప్పుడూ అదే ఉంది. చనిపోయిన రోజున మెడలో వేలాడుతున్న కార్డు మీదా అదే ఉంది. ఏడేళ్లు, మూడు దేశాలు, ఆరు నియామక ఉత్తరాలు. ఆరింటిలోనూ ఒకటే హోదా.

నేనెవరో తెలియనివాళ్ళు ఉంటారు. ఆ కంపెనీలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఫోర్‌మన్‌ని. నా పని మీకు వింతగా ఉండొచ్చు. ఒక దేశంలో ఫ్యాక్టరీ మూతపడితే మిషన్లు విప్పి, నట్టు నట్టుకీ చీటీ కట్టి, పెట్టెల్లో సర్ది, ఇంకో దేశంలో దించి, మళ్ళీ నిలబెట్టి నడిపించడం. మూడు దేశాల్లో ఆ మిషన్లతో పాటు నేనున్నాను. అదే డైరెక్టరు ఉన్నాడు. వెళ్ళిన ప్రతిచోటా ఆయన గది పెద్దదైంది, కుర్చీ ఎత్తు పెరిగింది. మిషన్లు మారలేదు, డైరెక్టరు మారలేదు, నేను మారలేదు. మారిందల్లా మిషన్ల ముందు నిలబడే పిల్లలు.

నాకన్నా ముందు మాట్లాడిన పెద్దలు శాంతంగా ఉండమన్నారు. వాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. కానీ వాళ్ళ మాట నేను వినను. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. కంపెనీ నోటీసు బోర్డు మీద ఈ వారం ఆమె కళ్ళు నిజంగానే చారెడయ్యాయి. ‘నిబద్ధత గల యువ ప్రతిభ’ అని రాశారు. ఆ ప్రతిభకు ఉద్యోగం పక్కా అయ్యే పన్నెండో నెల ఇవ్వడానికి మాత్రం ఏడేళ్లలో ఒక్కసారీ చెయ్యి రాలేదు. ఈ సభకు నేను ఏడవడానికి రాలేదు. పగతో వచ్చాను. ఆ మాట ఇక్కడ అనకూడదనుకునేవాళ్ళు నన్ను మన్నించనక్కర్లేదు.

ముందు ఆమె ఎలాంటి మనిషో చెప్పనివ్వండి.

ఫ్యాక్టరీలో అందరం ఆమెను ‘కొలబద్ద’ అనేవాళ్ళం. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకునేది కాదు. క్యాంటీన్లో బల్ల ఒరిగి ఉంటే కాలి కింద అట్టముక్క మడిచి పెట్టి, పైన గ్లాసులో నీళ్ళు పోసి, సమంగా ఉందని తేలాకే తినడం మొదలుపెట్టేది. ఆకలి మీద ఉన్నవాళ్ళం తిట్టుకునేవాళ్ళం. ‘బల్ల ఒరిగినా అన్నం కడుపులోకే పోతుంది కదే’ అని ఒకావిడ విసుక్కుంటే, ‘అన్నం పోతుందక్కా, కూర నీ ఒళ్ళోకి పోతుంది’ అంది. నవ్వని వాళ్ళు లేరు. ఆ మర్నాటి నుంచి ఆ బల్ల దగ్గరే చోటు కోసం తోసుకునేవాళ్ళు.

మొదటి దేశంలో ఆమె అడుగుపెట్టినప్పుడు ఆమెతో కలిపి ఇరవై నలుగురు పిల్లలు ఒక జట్టుగా వచ్చారు. పాలిటెక్నిక్‌ల నుంచి ఏరి తెచ్చినవాళ్ళు. నాలుగో రోజున ఆమెను ఏడో నంబరు ప్రెస్సు మీద వేశారు. ప్రెస్సు గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. కింద అచ్చు ఉంటుంది. దాని మీద ఇనుప రేకు జరిగి వస్తుంది. పైనుంచి నూట అరవై టన్నుల బరువు దిగి దాన్ని కారు తలుపు బందుగా మలుస్తుంది. నిమిషానికి ముప్ఫై సార్లు దిగుతుంది. రేకుకూ మనిషి చేతికీ తేడా దానికి తెలియదు. అందుకే ముందు భాగంలో కాంతి కిరణాల అడ్డు ఒకటి పెడతారు. దాన్ని మేము ‘కన్ను’ అంటాం. చెయ్యి అడ్డం వస్తే కన్ను చూస్తుంది, బరువు ఆగిపోతుంది. కన్ను బాగుందనడానికి పక్కన పచ్చ దీపం వెలుగుతుంది.

ఆ రోజు ఆమె చేసిన మొదటి పని, పచ్చ దీపాన్ని నమ్మకుండా చెక్క కర్ర ఒకటి తీసుకుని కిరణాలకు అడ్డం పెట్టడం. బరువు ఆగలేదు. కర్ర రెండు ముక్కలైంది. ఆమె మెయిన్ స్విచ్ దించేసి, స్టూలు లాక్కుని, ప్రెస్సుకు వీపు తిప్పి కూర్చుంది. సూపర్‌వైజరు వచ్చి అరిచాడు. షిఫ్టు ఇన్‌చార్జి వచ్చాడు. ఆఖరుకు డైరెక్టరే వచ్చాడు. అప్పటికి ఆమె వచ్చి నాలుగు రోజులు. భాష సరిగా రాదు. ఒకే మాట చెప్పింది. ‘గుడ్డిదాని ముందు చెయ్యి పెట్టను. నాకున్నవి రెండే.’

డైరెక్టరు నా వైపు చూశాడు. నేను వెళ్ళి కన్ను బాగుచేశాను. ఎంతసేపు పట్టిందో తెలుసా? నలభై నిమిషాలు. మళ్ళీ చెబుతున్నాను. నలభై నిమిషాల్లో బాగయ్యేదాన్ని, కొన్ని నెలలుగా చెడగొట్టి ఉంచాం. ఎందుకు? కన్ను ఉంటే దుమ్ముకీ, చొక్కా చేతికీ, ఈగకీ కూడా ప్రెస్సు ఆగుతుంది. ఆగితే రోజుకు రావలసిన బందుల లెక్క తగ్గుతుంది. లెక్క తగ్గితే డైరెక్టరుకు పైనుంచి ఫోను వస్తుంది. ఆ ఫోను రాకుండా ఉండడానికి పిల్లల చేతులు పణంగా పెట్టాం.

పదకొండు నెలలు నిండగానే ఆ ఇరవై నలుగురినీ పంపించేశారు. అక్కడి చట్టం ప్రకారం పన్నెండు నెలలు నిండితే ఉద్యోగం పక్కా చెయ్యాలి. కాబట్టి అక్కడ పన్నెండో నెల ఎవరికీ రాలేదు. పనికొచ్చేవాళ్ళను ఒక నెల ఇంట్లో కూర్చోబెట్టి, కొత్త నంబరుతో కొత్త ట్రైనీ ఉత్తరం ఇచ్చి, మళ్ళీ పిలిచేవాళ్ళు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాం. మళ్ళీ ఏరు అడ్డం వచ్చినప్పుడు కాలిన తెప్పనే మళ్ళీ రమ్మనేవాళ్ళను ఈ కంపెనీలోనే చూశాను. ఆమె రెండోసారి వచ్చింది. ఎందుకు వచ్చిందని అడుగుతారా? ఇక్కడ మన ఊళ్ళో ఆ చదువుకు పని ఎక్కడుందో చెప్పి తర్వాత అడగండి. అప్పటికి ఆమె తమ్ముడు స్కూల్లో ఉన్నాడు. వాళ్ళమ్మ బట్టల కంపెనీలో కాజాలు కుట్టి కుట్టి చూపు మసకబారి ఇంట్లో కూర్చుంది.

అక్కడి పిల్లలకు పక్కా ఉద్యోగాలు ఇవ్వాలని గొడవ మొదలవగానే ఆ ఫ్యాక్టరీ మూసేశారు. నేను మిషన్లు విప్పి రెండో దేశానికి పట్టుకెళ్ళాను. మంచు కురిసే చోటు. ఏడో నంబరు కూడా వచ్చింది. ఆరు నెలల తర్వాత పని తెలిసినవాళ్ళు కావాలని మొదటి దేశంలో పనిచేసినవాళ్ళలో పదిమందిని పిలిపించారు. అందులో ఆమె ఒకతె. హోదా ట్రైనీ.

రెండో దేశంలో ఏం జరిగిందో శ్రద్ధగా వినండి. ఇక్కడున్న కుర్రకారు మరీ శ్రద్ధగా వినండి. డైరెక్టరు ఆ దేశపు పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టి, ‘బయటివాళ్ళు సగం భృతికే చేస్తామంటున్నారు, మీరు ఎక్కువ మాట్లాడితే మీ చోటు వాళ్ళది’ అన్నాడు. అదే పూట పక్క గదిలో మనవాళ్ళను కూర్చోబెట్టి, ‘ఇక్కడి కుర్రాళ్ళు బద్ధకస్తులు, మీరు వాళ్ళకు బుద్ధొచ్చేలా చేసి చూపించండి, మీ సంగతి నేను చూసుకుంటాను’ అన్నాడు. రెండు గదుల్లోనూ నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. రెండు గదుల్లోనూ నోరు మెదపలేదు. మూడు వారాలు ఆ పిల్లలు క్యాంటీన్లో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒక జట్టు తినే బల్ల దగ్గర ఇంకో జట్టు కూర్చునేది కాదు.

ఆ గోడను కూలగొట్టింది కొలబద్దే. భాష రాదు కదా, ఎలా? బల్ల ఒరిగిందని వాళ్ళ బల్ల దగ్గరికి అట్టముక్క తీసుకుని వెళ్ళింది. దానికి వాళ్ళ మాటలో ఏమంటారో అడిగి కాగితం మీద రాసుకుంది. రోజూ నాలుగైదు మాటలు. స్పానరు, చేతి తొడుగు, నొప్పి, నెల, ఉత్తరం. ఒకరోజు తన నియామక ఉత్తరం తెచ్చి బల్ల మీద పరిచింది. అవతల కూర్చున్న కుర్రాడు, మనిషి దూలమంత పొడుగు, ‘పొడుగాయన’ అనేవాళ్ళం, లేచి తన పెట్టె దగ్గరికెళ్ళి తన ఉత్తరం తెచ్చి పక్కన పరిచాడు. భాషలు వేరు. అంకెలు ఒకటే. పదకొండు, పదకొండు. భృతి అంకె కూడా ఒకటే. ఎవరూ ఎవరి చోటూ లాక్కోలేదు. ఇద్దరికీ చోటే లేదు.

ఆ పూట వాళ్ళు పోట్లాడలేదు, నినాదాలు చెయ్యలేదు. ఒక నోటు పుస్తకంలో అందరి పేర్లూ, ఊళ్ళూ, ఫోను నంబర్లూ, ఎన్నో ఉత్తరం మీద ఉన్నారో రాసుకున్నారు. ఆ పుస్తకం ఆమె దగ్గరే ఉండేది.

తర్వాతి ఏడాది ఆ పొడుగాయన కుడిచేతి మూడు వేళ్ళు ఏడో నంబరు ప్రెస్సు కింద పోయాయి. కంపెనీ రికార్డులో ఏముందో చెబుతాను, ఆ కాగితం టైపు చేసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ‘ట్రైనీ నిర్లక్ష్యం’ అని ఉంది. ఆమె ఆసుపత్రికి వెళ్ళి అతణ్ణి చూసి, తిరిగి వచ్చి, నేరుగా నా దగ్గరికి వచ్చింది. నేను వర్క్‌షాపులో టీ తాగుతున్నాను. ‘మాస్టారూ, దాని కన్ను ఎవరు పొడిచారు?’ అని అడిగింది. నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె, ‘మీకు తెలుసు. మీకు తెలుసని నాకూ తెలుసు. ఎప్పటికైనా మీరే చెప్పాలి’ అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా నన్ను ‘మాస్టారూ’ అనే పిలిచింది. నా మొహాన ఉమ్మేసినా బాగుండేది. అప్పుడైనా కోపం వచ్చేది, కోపంలోనైనా నిజం కక్కేవాణ్ణి.

ఇక మన ఊరు.

రెండున్నరేళ్ళ కిందట ఇక్కడ ఫ్యాక్టరీ పెడుతున్నారన్నప్పుడు మీరంతా ఎంత సంబరపడ్డారో నాకు గుర్తుంది. మన పిల్లలు ఇక దేశాలు పట్టుకుని తిరగనక్కర్లేదన్నారు. ‘పన్నెండు వందల ఉద్యోగాలు’ అని బోర్డులు కట్టారు. ఆమె అప్పుడు ఇంటి దగ్గరే ఉండి, కుట్టు మిషన్లు బాగుచేసే కొట్టులో పనిచేస్తోంది. పెట్టెలు దించుతుంటే చూడడానికి వచ్చింది. ఏడో నంబరు పెట్టె తెరవగానే దాని పక్క మీద చెయ్యి వేసి, పాత గీతలు చూసి గుర్తుపట్టింది. ‘ఉద్యోగం నా వెంట ఇంటికి వస్తుందనుకున్నా మాస్టారూ. ఇది వచ్చింది’ అంది.

అయినా చేరింది. ఆరో ఉత్తరం. సొంత ఊళ్ళో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, ట్రైనీ. పంతొమ్మిదేళ్ల పిల్లలకు అచ్చు బిగించడం, కొలత తీయడం, కర్రతో కన్ను పరీక్షించడం నేర్పేది ఆమే. నేర్పించే మనిషి ట్రైనీ, నేర్చుకునే మనిషీ ట్రైనీ. అడిగితే, అచ్చులు బిగించే సెట్టరు పోస్టు ‘పరిశీలనలో ఉంది’ అన్నారు. ఈ మాట మీలో ఎంతమంది విన్నారు? చేతులు ఎత్తొద్దు. వెనక తలుపు పక్కన నిలబడి చిన్న పుస్తకంలో పేర్లు రాసుకుంటున్న కంపెనీ ఆఫీసరుగారికి శ్రమ పెరుగుతుంది. బాబూ, నా పేరు మొదట రాసుకో. అక్షరాలు తప్పు పోకుండా రాసుకో. రేపు కోర్టులో అవసరమవుతుంది.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

పొద్దున్న ఏడు గంటలకు ఆమె కర్ర పెట్టి ఏడో నంబరు కన్ను పరీక్షించింది. పనిచేసింది. రిజిస్టరులో టిక్కు పెట్టింది. తొమ్మిదింటికి డైరెక్టరు నన్ను గదికి పిలిచాడు. ఆ వారం లెక్క తక్కువ పడిందన్నాడు. కన్ను మాటిమాటికీ ఆపేస్తోందన్నాడు. ‘టీ విరామంలో చూడండి’ అన్నాడు. ‘చూడండి’ అంటే ఏమిటో మూడు దేశాలుగా మా ఇద్దరికీ తెలుసు. తొమ్మిదింబావుకు అందరూ టీకి వెళ్ళారు. నేను ప్యానెల్ తలుపు తీశాను. జానెడు వైరు ముక్క ఒకటి రెండు స్క్రూల మధ్య బిగించాను. తలుపు మూశాను. అలా చేస్తే కన్ను చస్తుంది గానీ పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది. దీపం వెలిగేలా చెయ్యడమే నా పనితనం.

తమ్ముళ్ళూ, కూర్చోండి. దయచేసి కూర్చోండి. నన్ను కొట్టాలంటే ఇంకో అయిదు నిమిషాలు ఆగండి. నేను ఎక్కడికీ పారిపోను.

తొమ్మిదిన్నరకు రేకు ముక్క ఒకటి అచ్చులో ఇరుక్కుంది. ప్రెస్సు ఆగింది. పంతొమ్మిదేళ్ల పిల్ల చెయ్యి పెట్టబోతే, ‘నువ్వు జరుగు’ అని కొలబద్ద ముందుకు వచ్చింది. దీపం వైపు చూసింది. పచ్చగా ఉంది. రెండున్నర గంటల కిందట తనే పరీక్షించింది. చెయ్యి లోపల పెట్టి ముక్క లాగింది. ముక్క ఊడగానే ప్రెస్సు మళ్ళీ కదిలింది. ఆపాల్సిన కన్ను ఆపలేదు.

ఇంతకన్నా వాళ్ళమ్మ ముందు చెప్పను.

కంపెనీ ఇప్పుడేమంటోంది? పై బరువు దిగకుండా అచ్చులో అడ్డు దిమ్మ పెట్టకుండానే చెయ్యి పెట్టింది, రూలు తప్పింది, నిర్లక్ష్యం అంటోంది. నిజమే, దిమ్మ పెట్టాలని రూలుంది. దిమ్మ ఎక్కడుంది? స్టోరులో. స్టోరుకు తాళం ఎవరు వేయించారు? దిమ్మలు పెట్టి తీస్తుంటే ఒక్కోసారికి ఆరు నిమిషాలు పోతున్నాయని ఎవరు విసుక్కున్నారు? ఆమె మూడుసార్లు దిమ్మ ఇవ్వమని రాసిచ్చిన చీటీలు ఎవరి బల్ల సొరుగులో ఉన్నాయి? సంస్థ వాహనం ట్రైనీలకు వర్తించదని, గేటు దగ్గర ఆ పిల్లను స్ట్రెచరు మీద పెట్టుకుని ఎవరి అనుమతి కోసం నిలబడ్డారు? ఆసుపత్రి డాక్టరు నాతో అన్న మాట ఇది: ‘చెయ్యి పోయేది, మనిషి ఉండేది. ఆలస్యంగా తెచ్చారు.’ ఇరవై తొమ్మిదేళ్ల మనిషి నెత్తురు కారుతుంటే, ఆమె ఉద్యోగియా, ట్రైనీయా అని తేల్చుకునేదాకా గేటు తెరవలేదు. తేలింది. ట్రైనీయే.

మూడో రోజున కంపెనీ మనిషి వాళ్ళింటికి వెళ్ళాడు. చేతిలో సంతాప లేఖ, దాని కింద ఇంకో కవరు. ఆ కవరులో ఏముందో మీకు తెలియాలి. తమ్ముడికి ఉద్యోగం. మానవతా దృక్పథంతో అట. హోదా ఏమిటో చెప్పనా? ట్రైనీ. పదకొండు నెలలు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ రోజు చూశాను. ఆ కుర్రాడు కవరు చించబోయాడు. తల్లి ఆపింది. ‘చించకు, దాచు. అక్కను చంపిన చోట నిన్ను నేర్చుకోమన్నారని కాగితం మీద రాసిచ్చారు. ఇంతకన్నా సాక్ష్యం మనకు ఎవడిస్తాడు’ అంది. చూపు మసకబారింది గానీ ఆమెకు కనబడాల్సింది కనబడింది.

ఆ సాయంత్రమే నేను వాళ్ళింటికి వెళ్ళి, వైరు సంగతి చెప్పాను. చెప్పి కాళ్ళు పట్టుకోబోయాను. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది. ‘నాకొక్కదానికి చెబితే నీ బరువు దిగుతుంది. నా బిడ్డ మీద పడ్డ నింద దిగదు. అందరి ముందు చెప్పు. ఆ తర్వాత నీకు శిక్ష పడేదాకా నేను వదలను. ఆ డైరెక్టరుకు పడేదాకా నువ్వు వదలకు’ అంది. చెల్లెమ్మా, ఈ వేదిక నువ్విచ్చావు. నువ్వు అడిగింది అడిగినట్టు చెప్పాను. నన్ను క్షమించమని అడగను. నువ్వు క్షమిస్తానన్నా నేను ఒప్పుకోను. నా మీద నీ పగ న్యాయమైనది. అది అలాగే ఉండనివ్వు.

కానీ ఆ పగలో నాకూ ఒక వాటా కావాలి.

వారం కిందట నాకు కంపెనీ నుంచి ఉత్తర్వు వచ్చింది. ఏడో నంబరు ప్రెస్సు విప్పి, పెట్టెలో సర్ది, పంపడానికి సిద్ధం చెయ్యమని. నాలుగో దేశానికి. అక్కడ కూడా బోర్డులు కట్టి ఉంటారు. అక్కడ కూడా తల్లులు పిల్లల సర్టిఫికెట్లు ఇనప్పెట్టెలోంచి తీసి దులుపుతూ ఉంటారు. ఏడో నంబరు వెళ్ళిపోతే దానితో పాటు నా వైరు ముక్కా వెళ్ళిపోతుంది, పాత గీతలూ వెళ్ళిపోతాయి, ఇక్కడ మిగిలేది ‘ట్రైనీ నిర్లక్ష్యం’ అన్న ఒక్క కాగితం. ముప్ఫై ఒక్క ఏళ్లలో విప్పమన్న మిషను విప్పకపోవడం నాకు ఇదే మొదటిసారి. మర్నాడు పొద్దున్నే కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరును వెంటబెట్టుకుని వెళ్ళాను. ప్యానెల్ తలుపు ఆయనే తీశాడు. వైరు నేను బిగించినట్టే ఉంది. ఆయన ఫోటోలు తీసుకుని సీలు వేశాడు. డైరెక్టరు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఆయన మొహంలో రంగు పోవడం నేను మొదటిసారి చూశాను. అబద్ధమెందుకు, ఈ పది రోజుల్లో నాకు అన్నం సహించింది ఆ పూటే.

ఆమె నోటు పుస్తకం తమ్ముడు వెతికి తీశాడు. అందులో రెండు దేశాల పిల్లల పేర్లు అరవై ఒకటి ఉన్నాయి. అందరికీ ఫోన్లలో రాశాం. నలభై మూడు మంది తమ ఉత్తరాల నకళ్ళు పంపారు. పొడుగాయన ఎడమచేత్తో నేర్చుకున్న వంకర రాతతో, ఆసుపత్రి కాగితం జతచేసి పంపాడు. దాని అడుగున మన భాషలో ఒక్క మాట రాశాడు, ఆమె నేర్పినదే అయ్యుంటుంది. ‘వస్తాను’ అని. సాక్ష్యానికి వస్తాడు. నాలుగో దేశంలో ఎవరైతే ఆ ప్రెస్సు ముందు నిలబడాల్సి ఉందో, వాళ్ళ పాలిటెక్నిక్ గోడకు ఈ ఉత్తరాలన్నీ అంటించడానికి కూడా అక్కడి కుర్రాడు ఒకతను ఒప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ డైరెక్టరు ఒక దేశం పిల్లలను చూపించి ఇంకో దేశం పిల్లలను బెదిరించాడు. ఇప్పుడు మూడు దేశాల పిల్లలు ఒకేసారి తన గది తలుపు తడితే ఏం చేస్తాడో చూడాలని ఉంది నాకు. జైలు కిటికీలోంచైనా సరే, చూడాలని ఉంది.

కొందరికి నా మాటలు కటువుగా ఉన్నాయి. పగ మంచిది కాదంటారు. మంచివాళ్ళ మాట అది, నిజమే అయ్యుండొచ్చు. నేను మంచివాణ్ణి కాదు. మంచివాణ్ణే అయితే ఈ సభ ఉండేది కాదు. నా పగ రాళ్ళు విసరదు, ఎవరి ఇంటికీ నిప్పు పెట్టదు. అలా చేస్తే వాళ్ళు బాధితులైపోతారు, మనం దొంగలమైపోతాం. నా పగ ఒక్కో కాగితం, ఒక్కో వైరు ముక్క, ఒక్కో పేరు చెబుతూ పోతుంది. నాకు చెప్పిన వాడి పేరు చెబుతాను. వాడికి చెప్పిన వాడి పేరు చెబుతాను. ఆ ఫోను ఎక్కణ్ణుంచి వచ్చేదో అక్కడిదాకా చెబుతాను. మెట్టు మెట్టుగా పైకి వెళతాను. మీలో ఎవరి దగ్గరైనా పదకొండు నెలల ఉత్తరం ఉంటే, అది తీసుకుని నా వెనక రండి. రాలేనివాళ్ళను తప్పు పట్టను. పొయ్యి వెలగాలి కదా. కానీ ఒక్క పని చెయ్యండి. రేపు మిషను ముందు నిలబడే ముందు కర్ర పెట్టి చూడండి. ఆగకపోతే మెయిన్ దించి, వీపు తిప్పి కూర్చోండి. ఒకరు కూర్చుంటే పంపించేస్తారు. అందరూ కూర్చుంటే నలభై నిమిషాల్లో బాగుచేస్తారు. బాగుచేసే వాణ్ణి నేనే, నాకు తెలుసు.

ఈ సభ ముగిశాక నేను నడుచుకుంటూ పోలీసు స్టేషనుకు వెళతాను. వాంగ్మూలం రాసి జేబులో పెట్టుకునే వచ్చాను. మొదటి వాక్యం నా పేరు. రెండో వాక్యం నేను చేసింది. మూడో వాక్యం నుంచి చివరిదాకా వాళ్ళు.

ఇప్పుడు మౌనం పాటిద్దాం. మామూలుగా రెండు నిమిషాలంటారు. ఈ రోజు గడియారం చూడొద్దు. ఎంతసేపన్నది డైరెక్టరు చెప్పడు, యూనియను చెప్పదు, నేను చెప్పను. ఆమె తల్లి లేచినప్పుడు లేద్దాం. ఆమె కూర్చున్నప్పుడే కూర్చుందాం. ఆమె కూర్చోకపోతే మనమూ కూర్చోవద్దు.

చెల్లెమ్మా, లే. మేమంతా లేస్తాం.